నిజాన్ని ఎన్ని రకాలుగా రాస్తారు?

"ఇది కథా, నిజమా?" చేతికి పుస్తకం ఇస్తే పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. "నిజమే, చదువు" అని చెప్పి మనం ఊరుకుంటాం. కానీ నేర్పాల్సిందంతా ఆ జవాబు తర్వాతే ఉంది. పొద్దున్నే గుమ్మంలో పడే దినపత్రిక, సైన్సు పాఠం, అబ్దుల్ కలాం ఆత్మకథ, మందు పెట్టెలో మడిచిపెట్టిన కాగితం, ఎన్నికల కరపత్రం... వీటిలో ఏదీ కథ కాదు. అయినా ఒక్కొక్కటీ నిజాన్ని ఒక్కో తీరులో చెబుతుంది. చదివేవారి నుంచి ఒక్కో పని కోరుతుంది.

ఈ తేడా తెలియని పిల్లలు అన్నింటినీ ఒకేలా చదువుతారు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ పోతారు. తేడా తెలిసిన పిల్లలు పేజీ తెరవగానే దేన్ని నమ్మాలి, దేన్ని సరిచూసుకోవాలి, దేన్ని చేసి చూడాలి అని ఆలోచిస్తారు. ఈ అధ్యాయం ఆ అలవాటు గురించే.

మూడు ప్రశ్నలు

కథేతర రచన ఏదైనా చదివేవారికి ఒక మాట ఇస్తుంది. "ఈ గంట దాకా తెలిసింది ఇదీ" అంటుంది వార్త. "నాకు గుర్తున్నది, నాకు అనిపించింది ఇదీ" అంటుంది ఆత్మకథ. "చెప్పినట్టు చేస్తే ఇది తయారవుతుంది" అంటుంది వంట పుస్తకం. "ఇది కొనండి" అంటుంది ప్రకటన. ఏ రచన ఏ మాట ఇస్తోందో గుర్తుపట్టాలి, ఇచ్చిన మాట నిలబెట్టుకుందా అని చూడాలి. పిల్లలకు దీన్ని మూడు ప్రశ్నలుగా నేర్పండి.

1. ఇది చెబుతున్నది ఎవరు?
2. వాళ్లకు ఎలా తెలిసింది? చూశారా, కొలిచారా, అడిగి తెలుసుకున్నారా, గుర్తు తెచ్చుకుని రాశారా?
3. చదివాక నన్ను ఏం చేయమంటున్నారు? తెలుసుకోమంటున్నారా, చేసి చూడమంటున్నారా, ఒప్పుకోమంటున్నారా, కొనమంటున్నారా?

ఆరేళ్ల పిల్లలకు మొదటి ప్రశ్న చాలు. ఎనిమిది, తొమ్మిదేళ్లకు రెండోది అందుతుంది. పదకొండు దాటాక మూడోదాని అవసరం వాళ్లకే తెలిసివస్తుంది.

బడి పుస్తకంలోనే మనకు ఒక సాయం ఉంది. తెలుగు వాచకాల్లో 'పాఠ్యభాగ వివరాలు' అనే చోట, ఆ పాఠం ఏ ప్రక్రియకు చెందిందో రాసి ఉంటుంది. వ్యాసమా, లేఖా, ఆత్మకథా, యాత్రా రచనా అన్నది అక్కడే తెలిసిపోతుంది. పిల్లలు దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేస్తారు. పాఠం మొదలుపెట్టేముందు ఆ రెండు మూడు వాక్యాలూ చదివించండి. "లేఖ అన్నారు కదా, ఎవరు ఎవరికి రాశారో చూద్దామా?" అని అడగండి. పాఠం చదివే తీరే మారిపోతుంది.

గోదావరి ఒక్కటే, రాతలు ఎన్నో

రకాల పేర్లను జాబితాగా చెబితే పిల్లల తలకెక్కవు. ఒకే విషయం మీద వచ్చిన రకరకాల రచనలను పక్కపక్కన పెడితే తేడా కంటికే కనిపిస్తుంది. మనందరికీ తెలిసిన గోదావరినే తీసుకుందాం.

*సమాచార రచన:* గోదావరి మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. విజ్ఞాన సర్వస్వంలోనో భూగోళ పాఠంలోనో ఉండే వాక్యమిది. ఇందులో రాసినవారి ఇష్టాయిష్టాలు కనిపించవు. ఇలాంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవాల్సిన అవసరం లేదని పిల్లలకు చెప్పండి. విషయసూచిక చూడటం, చివరనున్న అకారాది పట్టికలో పదం వెతకడం, పటం చదవడం, బొమ్మ కింద రాసిన వాక్యాన్ని వదలకుండా చూడటం ఇక్కడే నేర్పాలి.

ఇలాంటి పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూడటం కూడా అలవాటు చేయాలి. 2006కు ముందు వచ్చిన పుస్తకాల్లో సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలుంటాయి. ఆ ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలో చేర్చింది. పాత పుస్తకం అబద్ధం చెప్పలేదు, అప్పటికి ఒప్పుకున్న లెక్కే చెప్పింది. ఈ ఒక్క ఉదాహరణతో శాస్త్రం తనను తాను దిద్దుకుంటుందని పిల్లలకు అర్థమవుతుంది.

*వార్త:* వర్షాకాలంలో గోదావరి మీద వచ్చే వార్తలు పిల్లలకు చక్కటి పాఠాలు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. ధవళేశ్వరం బరాజ్ దగ్గర లెక్క క్యూసెక్కుల్లో ఉంటుంది. 10 లక్షలకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ అంకెలు తెలిసిన పిల్లలు వరద వార్తను ఎలా చదువుతారో చూడండి.

"అమ్మా, నిన్న పేపర్లో 12 లక్షల క్యూసెక్కులన్నారు. ఇవాళ 14 లక్షలంటున్నారు. నిన్నటిది తప్పు రాశారా?"

"నిన్న ఏ వేళకు కొలిచిన లెక్కో రాశారా? చూడు."

"సాయంత్రం ఆరింటికట."

"మరి తర్వాత రాత్రంతా ఎగువ నుంచి నీళ్లొచ్చాయిగా. ఇప్పుడు ఎన్నో హెచ్చరిక ఇచ్చుంటారు?"

"రెండోది!"

వార్తకు ఊరి పేరు, తేదీ ఎందుకు అవసరమో ఇంతకంటే బాగా ఏ నిర్వచనమూ చెప్పలేదు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకు వార్తలో జవాబులు వెతికించండి. ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదో కూడా చెప్పించండి. దొరకనిదాన్ని గుర్తించడం దొరికినదాన్ని గుర్తించడమంత ముఖ్యం.

*సంపాదకీయం:* అదే వరద మీద మర్నాడు సంపాదకీయం వస్తుంది. లంక గ్రామాలకు వంతెనలు కట్టాలనో, ముందస్తు ఏర్పాట్లు చాలలేదనో అందులో ఉంటుంది. ఇక్కడ నీటిమట్టం లెక్క వాస్తవం, వంతెన కట్టాలన్నది అభిప్రాయం. పిల్లల చేతికి రెండు రంగుల పెన్సిళ్లు ఇవ్వండి. కొలిచి తేల్చగలిగిన వాక్యాల కింద ఒక రంగు గీత, 'చేయాలి', 'తగదు', 'విచారకరం', 'హర్షణీయం' వంటి మాటలున్న వాక్యాల కింద ఇంకో రంగు గీత గీయమనండి. అభిప్రాయం ఉండటం లోపమేమీ కాదని కూడా చెప్పండి. ఆ అభిప్రాయానికి ఆధారం చూపించారా లేదా అన్నదే మనం అడగాల్సింది.

*జీవిత చరిత్ర:* గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం చూడని పిల్లలుండరు. ఆయన 1803లో పుట్టి 1899లో మరణించారు. ఆయన ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన జీవిత చరిత్ర 1900లో ఇంగ్లీషులో వచ్చింది. రాసినది లేడీ హోప్, కాటన్ సొంత కూతురు. మన రెండో ప్రశ్న ఇక్కడ అక్కరకొస్తుంది. కూతురికి తండ్రి గురించి ఇతరులకు తెలియనివి ఎన్ని తెలుస్తాయి? కూతురు గనక ఏయే విషయాలు మెత్తగా చెప్పి ఉండవచ్చు? పదేళ్ల పిల్లలు కూడా ఈ రెండు ప్రశ్నలకూ ఆలోచించి జవాబు చెప్పగలరు.

"ఇప్పుడు మనం చూసే బరాజ్ కాటన్ కట్టిందే" అని పెద్దలే అంటుంటారు. ఆయన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బరాజ్ నిర్మాణం 1970లో మొదలై 1982లో పూర్తయింది. దానికి ఆయన పేరు పెట్టారు. అందరూ అనే మాటనైనా పుస్తకంలో సరిచూసుకోవాలని చెప్పడానికి ఈ ఉదాహరణ వాడుకోండి.

'నేను' అని రాసే రచనలు

ఆత్మకథ, డైరీ, లేఖ, యాత్రా రచన ఒకే కుటుంబానికి చెందినవి. నాలుగింటిలోనూ రాసినవారు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. తేడా అంతా ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అన్నదాంట్లో ఉంది.

కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ ఘటన ఆయన 'స్వీయచరిత్రము'లో ఉంది. ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసుకుని రాసిన పుస్తకమది. ఆన్ ఫ్రాంక్ డైరీ అలా కాదు. 1942 జూన్‌లో మొదలుపెట్టి 1944 ఆగస్టు దాకా, రేపు ఏమవుతుందో తెలియకుండా రాసుకుంటూ పోయిన మాటలవి. జరిగిపోయాక రాసేవారికి ముగింపు తెలుసు, డైరీ రాసేవారికి తెలియదు. ఈ తేడా చెప్పి రెండింటిలోంచీ చెరో పేజీ చదివి వినిపించండి. పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

లేఖలో చదివేవారు ఎవరన్నది ముఖ్యం. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉండగా అలహాబాదు నుంచి నెహ్రూ ముప్పై ఉత్తరాలు రాశారు. భూమి పుట్టుక, తొలి మానవులు, భాషలు ఎలా వచ్చాయన్నది వాటిలోని విషయం. పాఠ్యపుస్తకంలో ఉండే సంగతులే, కానీ తండ్రి కూతురికి చెప్పే తీరులో ఉంటాయి. సమాచారం, లేఖ కలిసిపోయిన రచన ఇది. రకాల మధ్య గోడలు లేవని పిల్లలకు చూపించడానికి మంచి నమూనా.

యాత్రా రచనకు మనకున్న పెద్ద ఆస్తి ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పుస్తకం 1838లో అచ్చయింది. రైలు లేని రోజుల్లో దారిలో ఏ ఊళ్లో ఏం దొరికేదో, బాట ఎలా ఉండేదో అందులో కనిపిస్తుంది. భాష పాతది కాబట్టి పిల్లలకు పుస్తకం ఇచ్చి వదిలేయవద్దు. మీకు తెలిసిన ఊరి పేరు వచ్చిన పేజీ తీసి, మీ మాటల్లో చెప్పండి. తర్వాత ఆ ఊరు ఇప్పుడెలా ఉందో వాళ్లనే ఒక పేజీ రాయమనండి.

సూచనలు, ప్రకటనలు

సూచనల రచన సరిగా ఉందో లేదో చేసి చూస్తేనే తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు దీనికి మంచి ఉదాహరణ. 20.5 గ్రాముల ప్యాకెట్టును ఒక లీటరు నీటిలో కలపాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. చదవకుండా చేతికందిన గ్లాసులో కలిపితే మందు మోతాదు తప్పుతుంది. అక్షరం చదవడానికీ ప్రాణం కాపాడటానికీ మధ్య ఉన్న సంబంధం ఇక్కడ పిల్లలకు నేరుగా అర్థమవుతుంది. ఇంట్లో ఏ మందు తెచ్చినా దాని మీది తేదీ, మోతాదు, జాగ్రత్తలు పిల్లల చేత చదివించండి.

ప్రకటనలు మాత్రం మారువేషాల్లో వస్తాయి. దినపత్రికలో వార్తలాగే శీర్షిక, ఫొటో, మూడు కాలమ్‌లు ఉంటాయి. పైనో కిందో చిన్న అక్షరాల్లో 'ప్రకటన' అని ఉంటుంది. ఆ చిన్న మాటను పట్టుకోవడం పిల్లలకు ఆటగా పెట్టండి. ఫోన్లో వచ్చే సందేశాలకైతే రాసినవారి పేరూ తేదీ రెండూ ఉండవు. వరదలొచ్చిన ప్రతిసారీ ఎప్పటివో ఫొటోలు ఇవాళ్టివన్నట్టు తిరుగుతుంటాయి. పేరూ తేదీ లేని రాతను ఇతరులకు పంపకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. పెద్దలూ పాటిస్తేనే అది నియమమవుతుంది.

అసలు పేర్లున్న కథలు

2022లో వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమా చూసిన పిల్లలు అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ప్రాణస్నేహితులని అనుకుంటారు. అల్లూరి మన్యంలో పోరాడి 1924 మేలో, భీం జోడేఘాట్‌లో 1940లో ప్రాణాలర్పించారు. ఇద్దరూ చరిత్ర పురుషులే, వారి స్నేహం మాత్రం సినిమా కల్పన. నిజమైన పేర్లు ఉన్నంత మాత్రాన అది చరిత్ర అయిపోదు. చారిత్రక నవలలు, "యథార్థ ఘటనల ఆధారంగా" అని వేసుకునే సినిమాలు అన్నీ ఈ కోవలోవే. వాటిని చూడవద్దని అనకండి. చూశాక, "ఇందులో జరిగింది ఎంత, కల్పించింది ఎంత?" అని కలిసి వెతకండి. అల్లూరి మీద ఒకటి, భీం మీద ఒకటి జీవిత చరిత్రలు తెచ్చి ఇవ్వడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

రచన నడకను పట్టుకోవడం

రకం తెలిశాక నడక చూడాలి. కథేతర రచనలు ఎక్కువగా నాలుగు తీరుల్లో నడుస్తాయి. ఒక్కోదానికీ గుర్తుపట్టే మాటలున్నాయి.

- కాలక్రమం: మొదట, ఆ తర్వాత, చివరికి
- కారణం, ఫలితం: అందువల్ల, ఫలితంగా, కాబట్టి
- పోలిక: అదేవిధంగా, అయితే, దానికంటే
- సమస్య, పరిష్కారం: ఇబ్బంది, నివారణ, మార్గం

ధవళేశ్వరం ఆనకట్టనే నాలుగు తీరుల్లోనూ చెప్పవచ్చు. 1847 నుంచి 1852 దాకా ఏ ఏడు ఏ పని జరిగిందో చెబితే కాలక్రమం. కాలువలు రావడం వల్ల డెల్టాలో వరి విస్తరించిందంటే కారణం, ఫలితం. పాత ఆనకట్టనూ కొత్త బరాజ్‌నూ పక్కపక్కన పెడితే పోలిక. 1832-33 నాటి నందన కరువుతో మొదలుపెట్టి, నది నిండా నీళ్లుండి పొలాలు ఎండిపోవడం చూపించి, ఆనకట్ట దగ్గర ముగిస్తే సమస్య, పరిష్కారం. ఏదైనా పాఠం చదివాక "ఇది ఏ నడక?" అని అడగండి. నడక తెలిసిన పాఠాన్ని గుర్తుపెట్టుకోవడం సులువు, సొంత మాటల్లో తిరిగి రాయడమూ సులువే.

వయసును బట్టి ఏం చేయాలి?

*ఆరు నుంచి ఎనిమిదేళ్లు:* ఇంట్లోని పుస్తకాలు, పత్రికలు, కాగితాలు నేల మీద పరచి కథలు ఒక పక్కకు, నిజాలు ఇంకో పక్కకు పెట్టమనండి. శుభలేఖ, కరెంటు బిల్లు, బస్సు టికెట్టు కూడా కలపండి. మాట్లాడే కుందేలున్న పుస్తకం కథ అని తేలిగ్గానే చెబుతారు. కుందేలు ఏం తింటుందో చెప్పే పుస్తకం ఎటు పెట్టాలో కాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచనే మనకు కావాల్సింది.

*తొమ్మిది నుంచి పదకొండేళ్లు:* ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా రాయించండి. మామిడికాయ తీసుకోండి. కాయ ఎలా ఉంటుందో వర్ణన, ఆవకాయ పెట్టే విధానం, అమ్మమ్మకు ఉత్తరం, "మా ఇంట ఈ ఏటి తొలి ఆవకాయ" అని చిన్న వార్త. రాసి చూసినవారికి రకాల తేడా వేరే చెప్పనక్కర్లేదు. విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకు ఈ అభ్యాసం రెండు పనులు చేస్తుంది. బడిలో ఇంగ్లీషులో నేర్చుకున్న పద్ధతిని ఇంటి భాషలోకి తెస్తుంది, ఊళ్లో ఉన్న అమ్మమ్మతో నాలుగు మాటలు మాట్లాడిస్తుంది.

*పన్నెండేళ్లు దాటాక:* ఒకే రోజు రెండు దినపత్రికలు తెచ్చి, ఒకే వార్తను పక్కపక్కన పెట్టి చదివించండి. ఏది పెద్ద శీర్షికగా పెట్టారు? ఎవరి మాటలు వేశారు? ఏ సంగతి ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేదు? తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను పలకరించి వాళ్ల బాల్యం మీద రెండు పేజీల జీవిత చరిత్ర రాయమనండి. తాతయ్య చెప్పింది, నానమ్మ చెప్పింది కలవకపోతే ఏం చేయాలన్నది వాళ్లే తేల్చుకోవాలి. చరిత్రకారులు చేసే పని అదే.

పెద్దలు మానుకోవాల్సినవి

- చదవడం పూర్తికాగానే ప్రశ్నపత్రం పెట్టినట్టు అడగడం. ముందు "నీకు కొత్తగా అనిపించింది ఏంటి?" అని అడిగి, వినండి.
- కథేతర పుస్తకాలంటే జనరల్ నాలెడ్జి ప్రశ్నజవాబులే అనుకోవడం. ఒంటరి జవాబులు గుర్తుంటాయేమో గానీ వాటితో ఆలోచన పెరగదు.
- మహానుభావుల గాథలు మాత్రమే ఇవ్వడం. సాలెపురుగు మీద, రైలింజను మీద, వంట మీద కూడా పుస్తకాలు కావాలి. పిల్లలకు దేని మీద మనసుందో చూసి ఇవ్వండి.
- "పుస్తకంలో ఉంది, నోరు మూసుకో" అనడం. అనుమానం వచ్చిన పిల్లల్ని మెచ్చుకుని ఇంకో పుస్తకంలో సరిచూడమనండి.

పుస్తకాలు లేవన్న దిగులు అక్కర్లేదు. తెలుగులో ఈ పని మొదలై వందేళ్లు దాటింది. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు తెచ్చారు. ఖగోళం మీద నండూరి రామమోహనరావు 'విశ్వరూపం', తేదీల లెక్కల మీద మహీధర నళినీమోహన్ 'కేలెండర్ కథ' పెద్ద తరగతుల పిల్లలతో కలిసి చదవదగ్గవి. బడి జ్ఞాపకాలకు జపాను నుంచి వచ్చిన 'రైలుబడి' ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థలు పిల్లల కోసం బొమ్మలతో చిన్న పుస్తకాలు వేస్తున్నాయి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి.

ఈ వారం చేయండి

1. ఒక రోజు దినపత్రికలో వార్త, సంపాదకీయం, ప్రకటన ఒక్కోటి కత్తిరించి నోటుపుస్తకంలో అతికించండి. పక్కన మూడు ప్రశ్నలకూ జవాబులు రాయించండి.
2. తెలుగు వాచకంలోని వచన పాఠాలన్నింటి ప్రక్రియలు చూసి ఒక పట్టిక తయారు చేయించండి. పిల్లలకు ఏ రకం నచ్చిందో, ఎందుకో అడగండి.
3. ఇంట్లో ఒక వంటకం తయారీ విధానాన్ని పిల్లలు రాయాలి, మీరు అందులో ఉన్నది ఉన్నట్టే చేయాలి. ఉప్పు రాయకపోతే వేయవద్దు.
4. ఆదివారం పిల్లల చేత వారం రోజుల ఇంటి వార్తలు ఒక పేజీ రాయించి అందరూ కూర్చుని వినండి.

వీటికి డబ్బు ఖర్చు లేదు, ప్రత్యేక శిక్షణ అవసరం లేదు. రోజుకు ఇరవై నిమిషాలు పిల్లల పక్కన కూర్చుంటే చాలు. వాళ్లు పెద్దయ్యాక ఒప్పందాల మీద సంతకాలు పెడతారు, మందులు వాడతారు, ఓట్లు వేస్తారు, వార్తలు నమ్ముతారు. ఆ ప్రతి చోటా ఎదురయ్యేవి కథేతర రచనలే. ఎవరు చెప్పారు, ఎలా తెలిసింది, నన్నేం చేయమంటున్నారు అని అడగడం చిన్ననాడే అలవాటైన పిల్లలను మోసగించడం కష్టం. మీ పిల్లలకు ఆ రక్షణ ఇవ్వండి. రేపటి దినపత్రికతోనే మొదలుపెట్టండి.